టెన్నిస్ ఎల్బోకి పది సిట్టింగులు కాదు, పన్నెండు వారాల బరువు కావాలి

సంపాదకులు గారికి,

టెన్నిస్ ఎల్బోతో, అంటే మోచేతి బయటివైపు నొప్పితో ఆస్పత్రికి వెళ్లిన చాలామంది చీటీలో రెండే ముక్కలుంటున్నాయి. ఒకటి నొప్పి మాత్ర, దాని కింద 'ఫిజియో 10 రోజులు'. ఆ పది రోజులూ కరెంటు ప్యాడ్లు, అల్ట్రాసౌండ్ చికిత్స, మైనం కాపడం. పదకొండో రోజు బకెట్ ఎత్తితే మళ్లీ అదే పోటు. 'ఫిజియో చేయించాం, తగ్గలేదు' అంటారు. తప్పు వాళ్లది కాదు. అసలు వైద్యం వాళ్లకు మొదలే కాలేదు.

టెన్నిస్ ఎల్బో అన్న మాట మన ఇళ్లలో బాగా వినపడింది 2004లో, సచిన్ టెండూల్కర్ మోచేతితో. ఆ మరుసటి ఏడాది ఆయన లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నారు. అప్పటినుంచీ ఇది ఆటగాళ్ల జబ్బనీ, చివరికి కత్తి తప్పదనీ ఒక అభిప్రాయం ఉండిపోయింది. రెండూ సరికావు. దీనితో బాధపడేవారిలో ఎక్కువమంది ఎన్నడూ రాకెట్ పట్టనివాళ్లే: దుప్పట్లు పిండేవారు, రోజూ చపాతీ పిండి పిసికేవారు, స్క్రూడ్రైవర్ తిప్పే వడ్రంగులు, కత్తెర వదలని దర్జీలు, మోచేతికి ఆనుడు లేకుండా గంటలకొద్దీ మౌస్ పట్టుకునేవారు. ఆపరేషన్ దాకా వెళ్లాల్సినవారు బహు కొద్దిమంది.

మణికట్టును పైకి లేపే కండరాలు మోచేతి బయటి ఎముక బుడిపె దగ్గర టెండన్‌గా, అంటే గట్టి తాడులా మారి అతుక్కుంటాయి. ఏ వస్తువును గట్టిగా పట్టుకున్నా మణికట్టు వాలిపోకుండా అవి బిగుసుకుంటాయి. అందుకే పని పిడికిలిది, నొప్పి మోచేతిది. లాగుడు నెలల తరబడి ఓపికకు మించితే టెండన్ పోగులు, పాత చేదతాడు పీచులేచినట్టు, వరస తప్పుతాయి. నొప్పి మాత్ర బాధను అణచగలదు కానీ పోగులను సరిచేయలేదు. పోగులు మళ్లీ బలపడాలంటే వాటిమీద కొలత ప్రకారం బరువు పడాలి. యంత్రం ఇచ్చేది కాసేపటి ఉపశమనం, అంతే.

నొప్పి బాగా ఉన్న మొదటి రెండు వారాలు చేయి కదలకుండానే బలం పెట్టాలి. కుర్చీలో కూర్చుని ముంజేతిని బల్లమీద ఆనించండి. అరచేయి కిందికి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండాలి. రెండో చేత్తో ఆ చేతి వెనకభాగాన్ని నొక్కిపట్టి, దానికి ఎదురుగా మణికట్టును లేపబోండి. కదలకూడదు. 30 నుంచి 45 సెకన్లు అలా పట్టి వదిలేసి, ఒక నిమిషం ఆగండి. ఇలా ఐదుసార్లు, రోజుకు రెండు పూటలు.

అది తేలికయ్యాక బరువు. నీళ్ల సీసాతో చేయమని చాలామంది చెబుతారు. సీసా లావుగా ఉండి జారుతుంది, దాన్ని పట్టుకోవడానికే పిడికిలి బిగించాలి, ఆ బిగింపుకే నొప్పి లేస్తుంది. అంతకంటే ఒక గుడ్డసంచిలో అరకిలో కందిపప్పు పొట్లం వేసి, సంచి కాడను అరచేతిలో వదులుగా పట్టుకోవడం మేలు. చేయి ఇందాకటిలాగే బల్లమీద. రెండో చేతి సాయంతో మణికట్టును పైకి లేపి, సాయం తీసేసి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా కిందికి దించాలి. మందు ఆ దించడంలోనే ఉంది. 15 చొప్పున మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య ఒక నిమిషం, రోజు విడిచి రోజు. వారంపాటు మూడు విడతలూ ఇబ్బంది లేకుండా సాగితే ఇంకో పావుకిలో కలపండి. పన్నెండో వారానికి కిలో, కిలోన్నర దాకా చేరగలిగితే బిందె, బకెట్ మునుపటంత భయపెట్టవు.

ఇక్కడ తప్పులు ఎక్కువ జరుగుతాయి. మోచేయి బల్లమీంచి లేచిపోతే పని భుజం చేస్తుంది, టెండన్‌కు ఏమీ అందదు. బరువు దభీమని జారవిడిస్తే అదే టెండన్‌కు దెబ్బ. ఇక నొప్పి. చేస్తుంటే పదికి మూడు మార్కులంత నొప్పి ఉండొచ్చు, దానికి భయపడి మానొద్దు. మర్నాడు పొద్దున్నకి అది మామూలుకు రావాలి. రాకపోతే బరువు సగానికి దించండి, వ్యాయామం మాత్రం ఆపొద్దు. నొప్పి తగ్గగానే ఆరో వారంలో మానేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నొప్పి ముందు పోతుంది, బలం చాలా వెనక వస్తుంది.

చేయి చాచి మణికట్టును కిందికి వంచి లాగే స్ట్రెచింగ్ నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు వద్దు. ఆ సాగదీతలో టెండన్ ఎముక బుడిపెకేసి ఒరుసుకుంటుంది. బుడిపెమీద బొటనవేలితో గట్టిగా నూనె మర్దనా చేయించడమూ అంతే.

మోచేతి బెల్టు పనిచేసేవేళ కొంత ఆసరా. దాన్ని నొప్పి ఉన్న ఎముకమీదే కట్టేస్తుంటారు. బుడిపెకు రెండు వేళ్ల కింద, ముంజేతి కండమీద కట్టాలి, లోపలికి ఒక వేలు దూరేంత వదులుండాలి. తిమ్మిరొస్తే విప్పేయాలి, నిద్రలో ఉంచుకోకూడదు. పనుల్లో ఒక్క మార్పు చాలా మేలు చేస్తుంది: వస్తువును అరచేయి పైకి ఉండేలా, మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టుకుని ఎత్తడం. పెనం రెండు చేతులతో దించండి. దుప్పటి పిండకుండా తీగమీదే నీరు కారనివ్వండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి స్పష్టంగా చెప్పాలి. మొదటి నెలలో అది అద్భుతంగా అనిపిస్తుంది. 2013లో వెలువడిన బ్రిస్బేన్ అధ్యయనంలో 165 మందిని ఏడాదిపాటు గమనించారు. స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది, మందులేని ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 12 శాతం మందికే. సూది వేసేముందు ఈ సంగతి రోగికి చెప్పడం న్యాయం.

మెడనుంచి దిగే నొప్పి, వేళ్లలో తిమ్మిరి, మోచేయి పూర్తిగా చాపలేకపోవడం, వాపు, జ్వరం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే ఇది టెన్నిస్ ఎల్బో కాకపోవచ్చు. ముందు డాక్టరుకు చూపించాలి.

డాక్టర్లకు మా మనవి ఒక్కటే. చీటీమీద 'ఫిజియో 10 రోజులు' బదులు 'మణికట్టు బరువు వ్యాయామం, 12 వారాలు, రెండు వారాలకోసారి ఫిజియోథెరపిస్టుకు చూపించాలి' అని రాయండి. అలా రాస్తే రోగి క్లినిక్‌కు వచ్చేది ఆరేడుసార్లు. ఆ ఖర్చూ తగ్గుతుంది.

ఇట్లు,
కొందరు ఫిజియోథెరపిస్టులు, గుంటూరు