మంత్రి గారూ, ఆ గూడబాతు బొమ్మ గీసింది నేనే

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను విజయవాడలో ఉంటాను. పదకొండేళ్లుగా పిల్లల కథలకి బొమ్మలు గీసి బతుకుతున్నాను. ఉద్యోగం కాదు, ఎవరు పని ఇస్తే వాళ్లకి చేస్తాను. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు 'వృత్తి' అనే గడి దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. ఆర్టిస్ట్ అని రాస్తే ఏ సినిమాలో చేశారని అడుగుతారు.

రెండున్నరేళ్ల కిందట ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి పని వచ్చింది. ఏ కార్యాలయమో ఇక్కడ చెప్పను. కొల్లేరు మీద పిల్లల పుస్తకం, 24 పేజీలు. వర్క్ ఆర్డర్‌లో నా పని గురించి ఉన్నది ఒకే లైను: "బొమ్మలు - 20, ఒక్కొక్కటి రూ. 1,200." కుర్చీలు కొన్నప్పుడు కూడా ఇలాగే రాస్తారనుకుంటాను. ఆ లైను వెనక ఏం జరుగుతుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు, అందుకే ఈ ఉత్తరం.

కథ చేతికి రాగానే నేను పెన్సిల్ పట్టుకోను. రెండు రోజులు చదువుతూనే ఉంటాను. ప్రెస్సులో పదహారు పేజీలు ఒక ఫారం కాబట్టి 24 పేజీలంటే ఫారంన్నర. లోపలి టైటిల్‌కి, ముందుమాటకి, ప్రచురణ వివరాలకి పోగా కథకి మిగిలేది ఇరవయ్యే. ఒక పెద్ద కాగితం మీద అగ్గిపెట్టెలంత గడులు గీసుకుని, ఏ వాక్యం ఏ పేజీలో పడాలో, పేజీ తిప్పగానే పిల్లకి ఏం కనబడాలో అందులో చూసుకుంటాను. గూడబాతు (పెలికాన్ అంటే ఎక్కువ మందికి తెలుస్తుంది) రాబోతోందని కుడివైపు పేజీలో చెప్పి, పక్షిని మాత్రం పేజీ తిప్పాక చూపించాలి. రెండూ ఎదురెదురుగా పెడితే ఆ ఆశ్చర్యం పోతుంది. అసలు పని ఇక్కడే సగం అయిపోతుంది, చూసేవాళ్లకి మాత్రం పిచ్చి గీతల్లా ఉంటుంది.

తర్వాత రఫ్ బొమ్మలు వేశాను. గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకున్నట్టు గీశాను. ఎందుకో అనుమానం వచ్చింది. బస్సెక్కి కైకలూరు వెళ్లి, అక్కణ్నుంచి ఆటపాక పక్షుల కేంద్రానికి పోయాను. చూస్తే పక్షులు ఇనుప స్టాండ్ల మీద ఉన్నాయి! నీళ్లలోని చెట్లు చచ్చిపోతుంటే అటవీ శాఖవాళ్లు గూళ్లకోసం నాటిన స్టాండ్లవి. పిల్ల పక్షి తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి చేపలు తినడం కూడా అక్కడే చూశాను. ఫొటోలో చూస్తే తల్లి మింగేస్తోందనుకుంటాం. కథలోని అమ్మాయిని నా రఫ్‌లో తాటి దోనెలో నిటారుగా నిలబెట్టాను. ఒడ్డున ఒక పెద్దాయనకి ఆ రఫ్ చూపిస్తే పడీపడీ నవ్వాడు. "అలా నుంచుంటే దోనెలో ఉండదమ్మా, నీళ్లలో ఉంటది" అన్నాడు. తిరిగొచ్చి ఏడు బొమ్మలు మళ్లీ వేశాను.

ఫైనల్ గీతలు నేను ఇప్పటికీ కాగితం మీద నిబ్బుతో, ఇండియన్ ఇంకుతోనే గీస్తాను. వాటిని స్కాన్ చేసి రంగులు ట్యాబ్లెట్ మీద వేస్తాను. స్క్రీన్ మీద మెరిసే నీలం నాలుగు రంగుల ప్రింటింగ్‌లో మసకబారుతుంది కాబట్టి ముందే ఒక పేజీ ప్రింటు తీయించి చూసుకోవాలి. ఇంతా చేశాక ఫోన్ వస్తుంది: చిన్న కరెక్షన్ మేడమ్, అమ్మాయికి గౌను తీసేసి పరికిణీ వేయండి. ఆ అమ్మాయి పధ్నాలుగు బొమ్మల్లో ఉంది. ఇంకోటి, నీళ్లు నీలంగా లేవేంటి అన్నారు. కొల్లేరు నీలంగా ఉండదండీ, బురద కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది అన్నాను. ఆ ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు నేను.

మొత్తం డెబ్బై రోజులు పట్టింది. 24 వేలంటే రోజుకి మూడు వందల నలభై చిల్లర, బస్సు ఛార్జీలు నావే. ఆ డబ్బు వచ్చింది పదమూడు నెలల తర్వాత.

పుస్తకం అచ్చయింది. ముందుమాట రాసినవారి పేరుంది, ప్రచురణ కమిటీలో పదకొండు మంది పేర్లున్నాయి, ప్రెస్సు పేరు ఫోన్ నంబరుతో సహా ఉంది. నా పేరు లేదు. ఆ తర్వాతి సంవత్సరం అదే గూడబాతు ఒక క్యాలెండర్‌లో కనిపించింది, ఇంకోసారి రోడ్డు పక్కన ఫ్లెక్సీ మీద. ఫ్లెక్సీలో బొమ్మని కుడి ఎడమలు తిప్పేశారు, పాపం అమ్మాయి ఎడమచేతి వాటం అయిపోయింది. ఆ కార్యాలయానికి వెళ్లి అడిగితే, "డబ్బులిచ్చాం కదమ్మా, ఇంకా పేరెందుకు?" అన్నారు అక్కడి ఆయన. ఆయన కోపంగా కూడా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగారు.

నిజమే, ప్రభుత్వం చేయించుకున్న పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ప్రభుత్వమేనని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. కానీ అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను చేసిన పని అని చెప్పుకునే హక్కు చేసిన మనిషికి ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి స్టోర్‌రూములో పడేస్తే, ఆయన కేంద్ర ప్రభుత్వం మీదే కోర్టుకెళ్లి ఈ సెక్షన్ మీద గెలిచారు. మిగిలిన ముక్కలు తిరిగివ్వాలని, ఐదు లక్షలు చెల్లించాలని ఢిల్లీ హైకోర్టు 2005లో తీర్పిచ్చింది. ఊడదీసినప్పటి నుంచి లెక్కేస్తే 26 ఏళ్లు. నాకు అంత ఓపికా లేదు, లాయరు ఫీజూ లేదు.

మీ శాఖ సభల్లో బాపు గారి గురించి, వడ్డాది పాపయ్య గారి గురించి ఎంతో ప్రేమగా మాట్లాడతారు. వాళ్ల బొమ్మని ఇంత దూరం నుంచి చూసి ఎవరిదో చెప్పేస్తాం. గీత గొప్పది కాబట్టే, కాదనను. కానీ బొమ్మ మూలన 'బాపు' అనో 'వపా' అనో సంతకం ఉండేది, దాన్ని పత్రికలవాళ్లు కత్తిరించలేదు. చందమామలో శంకర్ లాంటివారికి నెల జీతం కూడా ఉండేది. జీతాల కాలం పోయిందని నాకు తెలుసు, అది అడగడం లేదు.

నేను అడిగేది రెండు పేజీల ఒప్పందం నమూనా. ప్రభుత్వం బొమ్మలు గీయించుకునే ప్రతిచోటా అదే వాడాలి. బొమ్మ ఏ పుస్తకానికి గీశామో దానికే వాడుకోవాలని, క్యాలెండర్‌కో ఫ్లెక్సీకో కావాలంటే మళ్లీ అడిగి ఎంతోకొంత ఇవ్వాలని అందులో ఉండాలి. రఫ్ ఒప్పుకున్నాక మూడో వంతు డబ్బు, రెండుసార్లు మించి మార్పులు చెబితే అదనం, లోపలి పేజీలో పేరు. 17వ సెక్షనే వేరే ఒప్పందానికి తలుపు తెరిచి పెట్టింది కాబట్టి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.

డబ్బు ఆలస్యానికి చట్టం ఇప్పటికే ఉంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థల బిల్లు, రాతపూర్వకంగా గడువు పెట్టుకున్నా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. చిన్న సంస్థలు నమోదు చేసుకునే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ 'ఉద్యమ్'లో నేనూ నమోదు చేసుకున్నాను. పిల్లల బొమ్మలు గీసే పనికి విడిగా గడి లేక 'స్పెషలైజ్డ్ డిజైన్' అని పెట్టాను. కానీ ఫిర్యాదు చేస్తే మళ్లీ పని ఇస్తారా? నాకు తెలిసిన ఆర్టిస్టుల్లో ఒక్కరు కూడా చేయలేదు. మేం అడగనవసరం లేకుండా 46వ రోజు నుంచి వడ్డీ లెక్క బిల్లులోనే పడేలా చేస్తే, ఫైళ్లు వాటంతట అవే కదులుతాయి.

పేరు కోసం రాసిన ఉత్తరం కింద పేరు రాయనందుకు క్షమించండి. ఇంకో పుస్తకం బిల్లు ఒక ఆఫీసులో ఎనిమిది నెలలుగా పెండింగ్‌లో ఉంది.

ఇట్లు,
గూడబాతు బొమ్మ గీసిన మనిషి
విజయవాడ