కౌన్సెలర్ ఒక్కరే చాలరు: ఇండిజినస్ సేవల మంత్రికి బహిరంగ లేఖ

కెనడా ఇండిజినస్ (ఆదివాసీ) సేవల మంత్రి గారికి,

నేను సస్కాచెవాన్‌లో స్థిరపడిన తెలుగువాణ్ణి. చదువు కోసం ఊరొదిలిన దిగులు నాకూ తెలుసు. కానీ తెలుగు మాట్లాడినందుకు బడిలో నన్నెవరూ కొట్టలేదు. ఇక్కడ సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలను ఇంటివాళ్ల నుంచి వేరుచేసి, సొంత భాష మాట్లాడితే శిక్షించే రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. మా రాష్ట్రంలోని గోర్డన్ స్కూల్ మూతపడింది 1996లో, అంటే నిన్నగాక మొన్న. అక్కడ చదివినవాళ్ల పిల్లలది ఇప్పుడు యూనివర్సిటీ వయసు.

వాళ్లు కుంగిపోతే అరగంట కౌన్సెలింగ్ ఇస్తే సరిపోతుందా? క్రీ అనే ఆదివాసీ జాతి పెద్దలు మెడిసిన్ వీల్ అనే నాలుగు భాగాల చక్రం గీసి చెబుతారు: ఒళ్లు, బుద్ధి, మనసు, ఆత్మ, ఈ నాలుగూ కలిస్తేనే మనిషి. సేజ్ అనే సువాసన మొక్క ఆకు కాల్చి, ఆ పొగను చేతులతో తలకూ గుండెకూ అద్దుకుంటారు. ఇంట్లో సాంబ్రాణి ధూపం ఎరిగిన మాకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. క్యాంపస్‌లో మాత్రం ముందు ఫైర్ అలారం సంగతి చూసుకోవాలి!

అలాగని ఒకే చక్రాన్ని అందరికీ అంటగట్టకండి. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ విద్యార్థుల సంప్రదాయం వేరు. ఎవరి పెద్దలు వాళ్లకుండాలి.

ఆ పెద్దలను పండగకు పిలిచి శాలువా కప్పి పంపినట్టు కాకుండా, ప్రొఫెసర్లతో సమానంగా జీతమిచ్చి నియమించేలా యూనివర్సిటీలకు నిధులివ్వండి. ఆ రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్రను విచారించిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో చేసిన 94 సిఫార్సుల్లో పదకొండోది, ఫీజు సాయం కోసం ఎదురుచూస్తున్న ఫస్ట్ నేషన్స్ (క్రీ వంటి ఆదివాసీ జాతుల) విద్యార్థుల గురించే. ఆ నిరీక్షణ జాబితా ఎప్పటికి ఖాళీ చేస్తారో తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక తెలుగు సస్కాచెవాన్ వాసి