నెపెంథిస్ రాజా ఆర్డర్ల సంగతి

నెపెంథిస్ రాజా, అంటే ఆకుల చివర కూజాల్లో పురుగుల్ని పట్టే రాజా పిచ్చర్ ప్లాంట్ కోసం పేరు రాయించుకున్నవాళ్లకు సూటిగా చెబుతున్నాం: ఈ ఏడాది పెద్ద మొక్కలు ఇవ్వలేం. మా దగ్గరున్నవి టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి పెంచిన) పిల్ల మొక్కలే. అరచేతిలో ఇమిడిపోతాయి, వాటి కూజాలు ఇంకా బొటనవేలంత కూడా లేవు. ఆగలేమనుకుంటే అడ్వాన్స్ వెనక్కి తీసుకోండి, మేమేమీ అనుకోం.

పెద్దవి దొరకక కాదు. ఎన్ని కావాలంటే అన్ని ఇస్తానని ఒకాయన ఫోటోలు పంపాడు. కింది ఆకులు చిరిగి, పురుగు కొట్టి ఉన్నాయి. మొదలు దగ్గర మొద్దును తవ్వి తెంపినట్టుంది. ఏ రెండు మొక్కలూ ఒక ఈడువి కావు. నర్సరీలో పెంచిన బ్యాచ్ అలా ఉండదు, ఇవి అడవిలోంచి పీకినవేనని అనిపించింది. కాగితాలు అడిగితే మాట మార్చాడు. వద్దన్నాం.

అడవిలో ఈ మొక్క ఉండేది మలేషియాలోని సబాలో, కినబాలు, దాని పక్కనున్న తంబుయుకోన్ కొండల మీద మాత్రమే. అదీ సుమారు 1500 నుంచి 2650 మీటర్ల ఎత్తులో, నికెల్ లాంటి లోహాలు ఎక్కువగా, పోషకాలు తక్కువగా ఉండే నేలలో. పైగా మగ, ఆడ మొక్కలు వేరు వేరు. ఉన్న కొద్దిపాటి చోట్ల నాలుగు పెద్ద మొక్కలు పీకేస్తే గింజ కట్టడమే కష్టమవుతుంది.

దీని కూజా 3 లీటర్లకు పైగా నీళ్లు పట్టేంత పెరుగుతుంది. అంత పెద్దది పురుగుల కోసమేనా అని చాలామంది అడుగుతారు. చెట్లెక్కే ఒక చిన్న జంతువు, ట్రీ ష్రూ, కూజా అంచు మీద కూర్చుని మూత లోపలి వైపున్న తేనె నాకుతుంది. నాకుతూనే కూజాలో పెంటికలు వేస్తుంది. ఆ పెంటికల్లోని నత్రజనే మొక్కకు ఎరువు. కొండ ఎలుకలు కూడా ఇదే పని చేస్తాయి. ఇది చెప్పినప్పుడు కొనడానికి వచ్చినవాళ్ల ముఖాలు చూడాలి!

1981 నుంచి ఇది సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. అంటే అడవి మొక్కల్ని దేశాలు దాటించి అమ్మడం నిషేధం. నర్సరీలో పెంచినవి పర్మిట్లతో తెప్పించుకోవచ్చు. మా ఆలస్యంలో సగం ఆ పర్మిట్లదే.

ఇంకో మాట, ఇది మా వ్యాపారానికి నష్టమే అయినా. రాత్రిళ్లు 15 డిగ్రీల దాకా చల్లబడని చోట రాజా కొనకండి. ఆకులు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి, కూజాలు మాత్రం కట్టవు, తర్వాత మొక్కే నీరసించిపోతుంది. వేడి చోట్లకు వెంట్రాటా హైబ్రిడ్ అనే ఇంకో రకం పిచ్చర్ ప్లాంట్ ఇస్తాం. గట్టి మొక్క, కూజాలూ బాగా వేస్తుంది.

పిల్ల మొక్క చాలనుకునేవాళ్లు ఆర్డర్ నంబర్‌తో మెసేజ్ పెట్టండి, పేరు రాయించుకున్న వరుసలోనే పంపుతాం.