మూత తేదీ కంటే ముందే సాయం రావాలి

సంపాదకుడి గారికి,

నేను బెల్లంపల్లి ఆడపడుచును. 2017 నుంచి ఐర్లండ్‌లో, అథ్లోన్ దగ్గర నర్సుగా పనిచేస్తున్నాను. నేను వచ్చాక ఈ ప్రాంతంలో ఒక ఇంధనం కాలం ముగిసింది. దాని పేరు పీట్. ఇక్కడివాళ్లు టర్ఫ్ అంటారు. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పడి, పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన నాచు, గడ్డి అది. కోసి ఎండబెడితే మన పిడకలాగే మండుతుంది. మా ఇంటి పక్క పెద్దావిడ షెడ్డులో ఇప్పటికీ గోడెత్తున పేర్చి ఉంటుంది. ఒకటి చేతికిచ్చి చూడమంది. ఎండిన రొట్టె ముక్కంత తేలిగ్గా ఉంది, గోళ్లలో నల్లటి పొడి మిగిలింది. మా నాన్న బొగ్గు బాయిలో (గనిలో) ఫస్ట్ షిఫ్ట్ చేసి వచ్చినప్పటి చేతులు గుర్తొచ్చాయి.

బొగ్గు పెద్దగా లేని ఈ దేశం 1950ల నుంచి పీట్‌తో కరెంటు తీసింది. బోర్డ్ నా మోనా అనే ప్రభుత్వ సంస్థ తవ్వితే, ఈఎస్‌బీ అనే మరో ప్రభుత్వ సంస్థ కాల్చింది. మన సింగరేణి క్వార్టర్లలాగే కార్మికుల కోసం ఇళ్ల వరసలు కట్టారు. పీట్‌ను కాల్చడం ఆపాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అదే కరెంటుకు బొగ్గు కంటే ఎక్కువ కార్బన్ వదిలే ఇంధనం అది. నా బాధంతా ఆపిన తీరు గురించే.

షానన్‌బ్రిడ్జ్, లేన్స్‌బరో ఊళ్లలోని రెండు ప్లాంట్లను 2020 చివరికి మూసేస్తామని 2019 నవంబరులో చెప్పారు. చెప్పిన ప్రకారమే 2020 డిసెంబరులో ఆగిపోయాయి. ఇంకా కొన్నేళ్ల టైమ్ ఉందనుకున్నవాళ్లకు మిగిలింది ఏడాది. మరుసటి నెలలోనే, 2021 జనవరిలో, పీట్ తవ్వకం పూర్తిగా మానేస్తున్నామని బోర్డ్ నా మోనా ప్రకటించింది. ఈ మార్పులో నష్టపోయేవాళ్ల సంగతి చూడటానికి ప్రభుత్వం ఒక కమిషనర్‌ను వేసింది, 2020లో ఒక చిన్న ఫండూ పెట్టింది. అసలు పెద్ద మొత్తం, అంటే యూరోపియన్ యూనియన్ సగం, ఐర్లండ్ సగం వేసిన 16.9 కోట్ల యూరోల పథకం, ఆమోదం పొందింది 2022 డిసెంబరులో. ప్లాంట్లు మూతపడిన రెండేళ్లకు!

ఆ రెండేళ్లలో ఏం పోయిందో లేన్స్‌బరోకు వెళ్తే అర్థమవుతుంది. ప్లాంటు వదిలే వేడినీళ్లు షానన్ నదిలో కలిసేచోట చేపలు గుంపులుగా చేరేవి. వాటి కోసం గాలాలు పట్టుకుని ఇంగ్లండ్ నుంచి కూడా జనం వచ్చేవారు. వాళ్లకు గదులు అద్దెకిచ్చేవాళ్లు, ఎరలు అమ్మేవాళ్లు, టిఫిన్లు పెట్టేవాళ్లు ఉండేవారు. వాళ్లెవరూ ప్లాంటు ఉద్యోగులు కారు. వేడినీళ్లు ఆగిపోయాయి. వాళ్లకు రిటైర్మెంటు ప్యాకేజీ ఎవరిస్తారు? తర్వాత గ్రాంట్లు వచ్చినా, తన వాటా డబ్బు చూపించి దరఖాస్తులు నింపడం రెండు గదులు అద్దెకిచ్చుకునే మనిషికి చిన్న పని కాదు.

తోటల వ్యాపారులదీ ఇదే గతి. పుట్టగొడుగులు పెంచేవాళ్లకు, నర్సరీలవాళ్లకు పీట్ మట్టి కావాలి. దానికి బదులు ఏం వాడాలో సిద్ధం కాకముందే ఇక్కడ తవ్వకం చాలావరకు నిలిచింది. 2021 సెప్టెంబరులో లాత్వియా నుంచి ఓడలో 3,600 టన్నుల పీట్ దిగుమతి అయింది. ఇక్కడ ఆపిన తవ్వకం ఇంకో దేశంలో జరిగింది, పైగా ఓడ పొగ అదనం.

మంచి జరగలేదని అనను. సుమారు 33,000 హెక్టార్ల చిత్తడి నేలలను మళ్లీ తడిపే పని నడుస్తోంది. ఒకప్పుడు నీళ్లు బయటికి పోవడానికి కాలవలు తవ్విన ఆపరేటర్లే ఇప్పుడు వాటికి అడ్డుకట్టలు వేస్తున్నారు. అదే మనిషి, అదే నేల, అదే చేతిపని. ఫిన్లాండ్‌లోనూ ఒక మంచి పని జరిగింది. అక్కడ కార్బన్ వదిలినందుకు కట్టాల్సిన ధర పెరిగి పీట్ వాడకం అనుకున్నదానికంటే ముందే పడిపోయింది. మెషీన్లు కొనుక్కున్న చిన్న కాంట్రాక్టర్ల కోసం, ఆ మెషీన్లను తుక్కుకిస్తే పరిహారమిచ్చే పథకం 2022లో పెట్టారు. లారీ మీద ఈఎంఐ కట్టేవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో ఇది కొత్త కథ కాదు. నా చిన్నప్పుడు నాన్న చేసే బాయి మూతపడింది. ఆయనకు శ్రీరాంపూర్ బదిలీ అయింది, జీతం ఒక్క నెలా ఆగలేదు. అదే బాయి గేటు ముందు మా పెదనాన్నకు చాయ్ హోటల్ ఉండేది. షిఫ్టు మారేటప్పుడు నిలబడటానికి చోటుండేది కాదు. బాయి మూతపడిన నాలుగు నెలలకు బెంచీలు అమ్మేసి, పెద్దమ్మ, పిల్లలతో సహా భివండీ వెళ్లిపోయాడు. ఆ హోటల్ ఏ లెక్కలోనూ లేదు. లేన్స్‌బరోలో ఖాళీ గదుల బోర్డు చూసినప్పుడు నాకు ఆ బెంచీలే కళ్లలో మెదిలాయి.

సింగరేణి ప్రాంతంలోనూ ఒక్కో బాయి వంతు వస్తుంది. గని మూత ఖర్చు కోసం ఎస్క్రో ఖాతాలో (వేరే పనికి వాడకుండా విడిగా ఉంచే ఖాతాలో) డబ్బు జమ చెయ్యాలన్న నిబంధన 2009 నుంచి ఉంది. 2015 చట్టంతో, గనుల ప్రభావం పడిన ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులూ వచ్చాయి. కాబట్టి డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న లేదు. మూత తేదీ ప్రకటించిన రోజే కాంట్రాక్టు కార్మికులకు, లారీల వాళ్లకు, గేటు ముందు దుకాణాలకు ఎంత, ఎప్పుడు, ఎవరి చేత ఇప్పిస్తారో కూడా ప్రకటించాలి. ఆ సొమ్ములో కనీసం మొదటి విడత, చివరి షిఫ్టు సైరన్ మోగేలోపే చేతికందాలి.

మీ జిల్లా విలేకరులను ఒక్క పని అడుగుతున్నాను. రాబోయే అయిదేళ్లలో మూతపడే బాయిల గేట్ల దగ్గరికి వెళ్లి, ఎన్ని చాయ్ హోటళ్లు, పంక్చర్ షాపులు, కిరాణా కొట్లు ఉన్నాయో లెక్కపెట్టి మీ పత్రికలో వెయ్యండి. ఆ లెక్క ఇప్పటిదాకా ఎవరి దగ్గరా నేను చూడలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అథ్లోన్, ఐర్లండ్
(స్వస్థలం: బెల్లంపల్లి, మంచిర్యాల జిల్లా)