యూదుల భోజన స్తోత్రాలు: ఏవి అందరివి, ఏవి కావు

సంపాదకుల వారికి,

పలు మతాలవాళ్లు కలిసి భోంచేసేచోట యూదుల భోజన స్తోత్రాలకు చోటివ్వడం ఎంతో మంచి పని. అయితే చాలాచోట్ల వాటిని అచ్చువేసి పంచి, అందరిచేతా ఒకేసారి చదివించేస్తున్నారు. వాటిలో కొన్ని మాటలు ఎవరైనా అనదగ్గవి, కొన్ని యూదులు మాత్రమే అనదగ్గవి. పిలిచేవాళ్లకు ఆ తేడా తెలియాలి.

రొట్టె మీద చెప్పేది ‘హమోత్సి’. ‘మా దేవా, విశ్వానికి రాజా, నీకు స్తోత్రం. భూమిలోంచి రొట్టెను తెచ్చేది నువ్వే’ అని దాని భావం. ఇది ఏ నోట పలికినా నిజమే. అంతకుముందు చేతులు కడిగేటప్పుడు చెప్పేది అలా కాదు. అందులో ‘నీ ఆజ్ఞలతో మమ్మల్ని పవిత్రుల్ని చేసి, చేతులు కడుక్కోమని ఆజ్ఞాపించావు’ అని ఉంటుంది. ఆ ఆజ్ఞ యూదులకు ఉన్నది. యూదుడు కాని అతిథి చేతులు కడుక్కోవచ్చు, ఆ మాట మాత్రం అనక్కర్లేదు.

కడగడానికీ పద్ధతి ఉంది. రెండు పిడుల చెంబులో కనీసం ఒక ‘రెవియీత్’ (యూదుల పాత కొలత) నీళ్లుండాలి. ఒక్కొక్కరి లెక్కలో అది 86 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. ఉంగరాలు తీసేసి, ముందు కుడిచేతి మీద, తర్వాత ఎడమచేతి మీద పోస్తారు. ఒక్కో చేతికి రెండుసార్లు, కొందరి ఆనవాయితీలో మూడుసార్లు. అక్కణ్ణుంచి రొట్టె ముక్క తినేదాకా మాట్లాడరు. అతిథి ఏదో అడుగుతాడు, ఇంటాయన చేయి ఊపి ఊరుకుంటాడు, అతిథి చిన్నబోతాడు. ‘ఇప్పుడు కాసేపు మాట్లాడం’ అని ముందే చెబితే ఆ నొప్పి ఉండదు. తర్వాత ఇంటాయన స్తోత్రం చెప్పి, రొట్టె కోసి, ఉప్పులో అద్ది, తాను కొంచెం తిని మిగతావాళ్లకు అందిస్తాడు. స్తోత్రం పూర్తిగా విని ‘ఆమెన్’ అనడమే అతిథి వంతు.

అది చిన్న వంతేమీ కాదు. పైగా ఇది రెండువైపులా నడిచే దారి. అన్యమతస్థుడు చెప్పిన స్తోత్రాన్ని మొదటినుంచి చివరిదాకా విన్న యూదుడు దానికి ‘ఆమెన్’ అనొచ్చని 16వ శతాబ్దంలో క్రాకోవ్‌లో ఉన్న ధర్మశాస్త్ర పండితుడు మోషే ఇస్సెర్లెస్ రాశారు. అందుకే అతిథిని ఆయన సొంత మాటల్లో ప్రార్థించమని అడగండి. అరువు మాటలు అప్పగించడం కన్నా అదే గౌరవం.

భోజనం అయ్యాక చెప్పే ‘బిర్కత్ హమజోన్’లో నాలుగు స్తోత్రాలున్నాయి. మొదటిది లోకమంతటికీ అన్నం పెట్టేవాడికి, కాబట్టి అందరూ చెప్పదగ్గది. రెండోది ఇశ్రాయేలు దేశం, సున్నతి నిబంధన, తోరా (యూదుల ధర్మగ్రంథం) గురించి. దాన్ని యూదులకే వదిలేయాలి. ముగ్గురు యూదులు కలిసి తింటే, ‘రండి, స్తోత్రం చెబుదాం’ అని ఒకరు మిగతావాళ్లను పిలవడంతో దీన్ని మొదలుపెడతారు. ఆ లెక్కలో అతిథి రాడు. ఇదీ ముందే చెప్పాలి. ఈ ప్రార్థనను ఏ భాషలోనైనా చెప్పవచ్చని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనం మిష్నా అంటోంది గనుక అర్థమయ్యే భాషలోనే చదవండి.

అందరూ కలిసి చెప్పడానికి నేను సూచించేది ఒక్క వాక్యం. బెన్యామీను అనే గొర్రెల కాపరి రొట్టె తిని అరామిక్ అనే ప్రాచీన భాషలో అన్నట్టు, మిష్నా మీద పండితుల చర్చల గ్రంథమైన తల్మూద్‌లో ఉంది: ‘బ్రీఖ్ రహ్మానా, మారే దెహాయ్ పిత్తా’. ఈ రొట్టెకు యజమాని అయిన దయామయుడికి స్తోత్రం అని అర్థం.

ఏమీ తినకుండా నేర్పడానికో చూపడానికో స్తోత్రం చెబితే అది వ్యర్థమవుతుంది. అలాంటప్పుడు దేవుడి పేరు పలకకుండా ‘హషేమ్’ (‘ఆ పేరు’ అని అర్థం) అంటారు. హీబ్రూలో ఆ పేరు పూర్తిగా అచ్చయిన కాగితాన్ని ఎంగిలి విస్తళ్లతో పారేయకూడదు, ‘గెనిజా’లో, అంటే పాత పవిత్ర కాగితాలు ఉంచేచోట దాచి తర్వాత పాతిపెడతారు. అందుకని పంచే కాగితాల మీద ఆ పేరును పూర్తిగా కాకుండా సంక్షిప్తంగానే వేయించండి. ద్రాక్షసారా కోషెర్‌ది (యూదుల ఆహార నియమాలకు తగినది), అందులోనూ ‘మెవుషాల్’, అంటే కాచినది తెప్పించండి. దాన్ని ఏ మతంవాళ్లు వంచినా ఆచారం పాటించే యూదులు తాగడానికి అడ్డు ఉండదు.

– ఒక పాఠకుడు