బాత్రూం లేదని నీళ్లు మానకు

హైదరాబాద్

బిడ్డా,

జైసల్మేర్ ట్రెక్ వాళ్ల కాగితం ఫార్వర్డ్ చేశావు కదా, చదివాను. భోజనాల గురించి పేజీ నిండా రాసి, బాత్రూం సంగతి మాత్రం ‘టాయిలెట్ టెంట్ ఉంటుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అంటే గుంత తవ్వి, చుట్టూ గుడ్డ కట్టి, పక్కన పార పెడతారు. పనయ్యాక ఇసుక కప్పి రావాలి. దానికి నాకేం బెంగ లేదు. నా టెన్షనంతా నీ గురించే. బాత్రూం బాగాలేదంటే చాలు, స్కూల్లో కూడా నీళ్లు తాగకుండా ఇంటికొచ్చేదాకా ఆపుకునేదానివి. థార్ ఎడారిలో ఆ వేషాలు వేయకు.

డిసెంబరు చలికి దాహం తెలియదు. పొడిగాలికి చెమట పట్టినట్టే ఉండదు గానీ ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. రోజుకు మూడు లీటర్లకు తగ్గకుండా తాగు. మూత్రం ముదురు పసుపుగా వచ్చిందంటే చాలలేదని లెక్క. తాగక, ఆపుకుని యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటే ఆ దిబ్బల్లో డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? నడకలో అవసరమొస్తే మొహమాటపడకుండా ఇంకో అమ్మాయిని తోడు తీసుకుని దిబ్బ వెనక్కి వెళ్లు. రాత్రయినా సరే, టార్చి పట్టుకుని లే.

స్నానం మాట మర్చిపో. వైప్స్‌తో ఒళ్లు తుడుచుకో. వాటిని గానీ ప్యాడ్లను గానీ ఇసుకలో పాతకు. అక్కడ తడి ఉండదు, అవి కుళ్లవు, గాలికి దిబ్బ జరిగితే మళ్లీ పైకి తేలతాయి. పేపర్లో చుట్టి, జిప్ కవర్లో వేసి వెనక్కి తెచ్చెయ్. చేతులు జిడ్డుగా ఉంటే శానిటైజర్ సరిగా పనిచేయదు, కాసిన్ని నీళ్లయినా సబ్బుతోనే కడుక్కో. అక్కడివాళ్లు గిన్నెలు ఇసుకతో తోముతారు, చూసి మొహం చిట్లించకు. పక్కింటి ఖాలాతో అంటే నవ్వింది: ‘నీళ్లు దొరకనిచోట మేం నమాజుకు ముందు మట్టితోనే తయమ్ముమ్ చేస్తాం, అంటే మొహం, చేతులు శుద్ధి చేసుకుంటాం, నీ కూతురికేమైంది?’ అని.

ఇక పడక. మనకు చలికాలమంటే ఇంకో దుప్పటి, అంతే. అక్కడ పగలు 25 డిగ్రీలున్నా తెల్లవారుజాముకు 5 దాకా దిగొచ్చు. గాలిలో తేమ లేక, పైన మబ్బు లేక, పొద్దుగూకగానే ఇసుక వేడంతా వదిలేస్తుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద ‘కంఫర్ట్’ అని ఉన్న డిగ్రీల అంకె చూసి తీసుకో. ‘ఎక్స్‌ట్రీమ్’ అన్నది ప్రాణం నిలవడానికే, నిద్రకు కాదు. కింద మ్యాట్ లేకపోతే ఎంత ఖరీదైన బ్యాగైనా దండగ. నీ బరువుకు అడుగు దూది అణిగిపోతుంది, నేల వేడి లాగేస్తుంది. మ్యాట్ పరిచే ముందు నడుము, భుజం ఆనేచోట ఇసుక కొంచెం తోడు, హాయిగా ఉంటుంది. పగలు నడిచిన సాక్స్‌తో బ్యాగులోకి దూరకు. వాటికి భురట్ గడ్డి ముళ్లు అంటుకుని ఉంటాయి, ఇక రాత్రంతా జాగారమే. మేకలు, ఒంటెలు పడుకునే చెట్టు కింద పక్క వేయకు, పిడుదులుంటాయి. బూట్లు లోపలే పెట్టుకుని, పొద్దున దులిపి తొడుక్కో, తేళ్లు దూరొచ్చు. నల్ల పేడపురుగులు కనిపిస్తే మాత్రం అరిచి అందరినీ లేపకు, అవేం చేయవు.

మ్యాట్, ఉన్ని సాక్స్, జిప్ కవర్లు కొరియర్ చేస్తున్నాను. నాన్న సకినాలు కూడా పెట్టించారు. ట్రెక్ దాకా నీ రూమ్మేట్స్ వాటిని మిగలనిస్తారన్న నమ్మకం నాకైతే లేదు.

అమ్మ