గోళ్ళు పెరిగాయి

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. "రిపోర్టులన్నీ బాగున్నాయంటున్నారు, మరి నాకెందుకు బాగోలేదు?" అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కాలేయ మార్పిడి జరిగిన మూడో నెలలో నేనూ ఇదే ప్రశ్న వేసుకుంటూ గోడకేసి చూస్తూ కూర్చునేవాడిని. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

కొత్త లివర్ రోజుల్లోనే పనిలోకి దిగుతుంది. ఒంటిని పచ్చగా మార్చే బిలిరుబిన్ రక్తంలో తగ్గుతుంది, కళ్ళలోని పసుపు పోతుంది. కానీ అంతకు ముందు జబ్బు మన ఒంట్లో కండనంతా కరిగించేసింది కదా! తొడల్లో, భుజాల్లో పోయిన సత్తువ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అదేదీ ఆ రిపోర్టు కాగితం మీద కనిపించదు. అలసటైతే ఏడాది దాటినా చాలామందిని పూర్తిగా వదలదు. నాకు ఐదేళ్ళు నిండాయి, అయినా మధ్యాహ్నం ఓ అరగంట నడుం వాల్చకపోతే సాయంత్రానికి మాట పెగలదు. ఇంట్లోవాళ్ళకు ఇది బద్ధకంలా తోస్తే ఈ ఉత్తరం చూపించు. జ్వరం వచ్చినా, కళ్ళు మళ్ళీ పచ్చబడినా, మూత్రం రంగు ముదిరినా మాత్రం అలసటే అనుకుని ఊరుకోకు. ఆ రోజే డాక్టరుకు ఫోను చెయ్యి.

చేతులు వణుకుతున్నాయని రాశావు. నాకు మొదట్లో చొక్కా గుండీలు పెట్టుకోవడమే గగనమైపోయేది. బ్యాంకులో సంతకం కలవక రెండుసార్లు వెనక్కి వచ్చాను. అది టాక్రోలిమస్ వల్ల, అంటే కొత్త లివర్‌ను ఒళ్ళు తోసిపుచ్చకుండా మనం వేసుకునే మందు వల్ల. రక్తంలో దాని మోతాదు ఎక్కువైతే వణుకు పుడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. తక్కువైతే మన శరీరమే కొత్త లివర్‌ను పరాయిదనుకుని దాని మీద పడుతుంది. అందుకే అన్ని రక్తపరీక్షలు. పరీక్ష రోజున ఉదయం మాత్ర ముందే వేసుకోకూడదని నీకూ చెప్పే ఉంటారు. నేను దాన్ని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుని వెళ్తాను. రక్తం తీసుకున్నాక మోచేతి దగ్గర దూదిని అదిమిపెట్టుకుని, రెండో చేత్తో పొట్లం విప్పి అక్కడే వేసుకుంటాను. కాలం గడిచేకొద్దీ డాక్టర్లు మోతాదు తగ్గించారు, వణుకూ తగ్గింది. నువ్వు మాత్రం సొంతంగా తగ్గించుకోకు. ఒళ్ళు నొప్పులని ఇబుప్రోఫెన్ లాంటివీ అడగకుండా మింగకు, ఆ మందుతో కలిస్తే భారమంతా కిడ్నీల మీదే పడుతుంది. ఎండలోకి టోపీ లేకుండా వెళ్ళకు, మన మందులు వాడేవాళ్ళకు చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

రాత్రులు దిగులుగా ఉంటుందన్నావు. నాకూ ఉండేది. రేపటి రిపోర్టు భయం ఒకటైతే, ఎవరో పోతే నేను మిగిలానన్న బాధ మరొకటి. తమ బతుకులో అంత చీకటి రోజున లివర్ ఇవ్వడానికి "సరే" అన్న ఆ కుటుంబానికి ఆసుపత్రి ద్వారా, పేరు లేకుండా ఒక ఉత్తరం రాశాను. అది పూర్తి చేయడానికి రెండేళ్ళు పట్టింది. ఇచ్చాక గుండె కొంచెం తేలికైంది. తొందరేమీ లేదు, నీకు రాయాలనిపించినప్పుడే రాయి.

1963లో థామస్ స్టార్జల్ అనే అమెరికా సర్జన్ మొదటిసారి ఒక బిడ్డకు ఈ ఆపరేషన్ చేసినప్పుడు ఆ బిడ్డ దక్కలేదు. ఆపరేషన్ తర్వాత ఏడాదికి మించి ఒకరు బతకడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు మంచి ఆసుపత్రుల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మొదటి ఏడాది దాటుతున్నారు. క్రిస్ క్లగ్ అనే అమెరికా స్నోబోర్డు క్రీడాకారుడికి 2000లో లివర్ మార్చారు. 2002 శీతాకాల ఒలింపిక్స్‌లో ఆయన కాంస్య పతకం గెలిచాడు. అది చదివిన రోజున నేను వీధి చివరి దాకా నడిచి వచ్చాను. అప్పటికి అదే నాకు చాలా దూరం.

ఇంకొక్కటి. జబ్బు రోజుల్లో దురద తట్టుకోలేక గోళ్ళు చిగుళ్ళ దాకా కత్తిరించుకునేవాడిని, గుర్తుందా? దుప్పటి మీద రక్తపు చారలుండేవి. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు ఒక ఉదయం గ్లాసు పట్టుకోబోతే గోరు తగిలి టక్కుమంది. చూసుకుంటే పదీ పెరిగి ఉన్నాయి. ఎన్ని రాత్రులుగా గోక్కోకుండా నిద్రపోతున్నానో లెక్క కూడా తెలియలేదు. మంచం మీద కూర్చుని ఏడ్చేశాను.

నీకూ ఆ దురద ఉండేది కదా. ఇప్పుడు నీ గోళ్ళు ఎలా ఉన్నాయో చూసి రాయి.

నీ నేస్తం